తోలు మీద రాసిన చరిత్ర.. ఆ తోలు ఎవరిది?



పోయిన వారం రాసింది చదివి హాస్టల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మన చరిత్రే మనం ఇంకా పూర్తిగా రాసుకోలేదు. నువ్వేమో వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండు రాతప్రతులు చదువుతున్నానంటున్నావు. వాటితో మనకేం పని?" న్యాయమైన ప్రశ్న. ఒక్క మెసేజ్‌లో జవాబు చెప్పలేక ఈ వారం ఇదే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా తాత గురించి చెప్పాలి. మా తాత తోలు పని చేసేవాడు. పల్లె చివర లంద ఉండేది. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానేసేవాడు. వెంట్రుక ఊడ్చి, కత్తితో గీకి, తర్వాత తంగేడు చెక్క రసంలో ఊరబెట్టేవాడు. ఆ తోలుతోనే ఊరి వాళ్ళకు చెప్పులు, మోటకు తొండం, ఎద్దులకు పట్టెళ్ళు. ఊరు మొత్తం ఆయన చేసిన తోలు మీద నడిచింది, ఆయన మాత్రం ఊళ్ళోకి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు.

ఇప్పుడు లైబ్రరీలు పాత రాతప్రతుల ఫొటోలు వెబ్‌లో పెడుతున్నాయి. ఒక రాత్రి ఫోన్‌లో ఒక పేజీని జూమ్ చేసి చూస్తుంటే అక్షరాల మధ్య సన్నటి చుక్కలు కనపడ్డాయి. సిరా మరకలనుకున్నాను. తర్వాత తెలిసింది, అవి వెంట్రుక కుదుళ్ళు. ఆ పుస్తకం తోలు. దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. దూడ తోలో గొర్రె తోలో తెచ్చి, సున్నపు నీళ్ళలో నానేసి, వెంట్రుక తీసి, చెక్క చట్రానికి బిగదీసి కట్టి, అర్ధచంద్రాకారపు కత్తితో గీకి ఆరబెడతారు. తంగేడు లాంటి చెక్క రసంలో ఊరబెట్టే పని లేదు, అందుకే అది చెప్పు తోలులా కాకుండా కాగితంలా తెల్లగా వస్తుంది. సున్నం దాకా మా తాత పనే.

ఆ పేజీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మన దగ్గర తోలు ముట్టినవాడు గ్రంథం ముట్టకూడదు. అక్కడ తోలు లేకపోతే గ్రంథమే లేదు. వాళ్ళ సువార్తలు, చట్టాలు, చరిత్రలు అన్నీ తోలు మీదే ఉన్నాయి. తోలు అపవిత్రమనేది ప్రకృతి పెట్టిన నియమం కాదని, మనుషులు పెట్టిన నియమమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అలాగని అక్కడ అందరూ సమానమనుకుంటే పొరపాటు. ఆ తోలు మీద ఏం రాశారో, ఎవరి కోసం రాశారో చూద్దాం.

తొమ్మిదో శతాబ్దంలో వైకింగుల దాడులతో ఇంగ్లండులో మఠాలు పాడుబడ్డాయి. లాటిన్ చదవగలిగేవాళ్ళు కరువయ్యారు. 871 నుంచి 899 దాకా ఏలిన ఆల్ఫ్రెడ్ రాజు ఒక పథకం వేశాడు. పోప్ గ్రెగొరీ రాసిన ఒక పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, దాని ముందు తన లేఖ పెట్టి బిషప్పులకు పంపాడు. వూస్టర్‌కు పంపిన ప్రతి ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. అందరూ తెలుసుకోవలసిన పుస్తకాలను అందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చాలని ఆ లేఖ చెబుతుంది.

ఇక్కడిదాకా చదివి మన మేధావులు చప్పట్లు కొడతారు. మాతృభాషకు పట్టం కట్టిన రాజు అంటారు. ఆ తర్వాతి మాటలు కూడా చదవాలి. చదువు చెప్పాల్సింది ఎవరికి? స్వతంత్రులకు పుట్టిన పిల్లలకు, అందులోనూ చదువుకునే స్తోమత ఉన్నవాళ్ళకు. వాళ్ళు ఇంగ్లీషు బాగా చదవగలిగేదాకా నేర్పాలి. ఆపైన ఎవరినైతే పెద్ద హోదాకు తీసుకెళ్ళాలనుకుంటారో వాళ్ళకు లాటిన్ నేర్పాలి. మూడు మెట్లున్నాయి చూశారా? పై మెట్టుకు లాటిన్. కింది మెట్టుకు మాతృభాష. ఆ రెండు మెట్లకీ కింద, లేఖలో మాటయినా లేకుండా బానిసలు.

బానిసలు ఎంతమంది? 1086లో విజేత విలియం రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలో సుమారు 28,000 మంది బానిసలు లెక్కకొచ్చారు. లెక్కించిన జనంలో దాదాపు పదో వంతు. ఆల్ఫ్రెడ్ కాలానికి సర్వే లేదు. కానీ ధర తెలుసు. వేల్స్ సరిహద్దులో ఇంగ్లీషువాళ్ళు, వెల్ష్‌వాళ్ళు పదో శతాబ్దంలో రాసుకున్న ఒక ఒప్పందంలో ఎద్దుకు 30 పెన్నీలు, పందికి 8 పెన్నీలు, మనిషికి ఒక పౌండు అని జాబితా ఉంది. పౌండంటే 240 పెన్నీలు. మనిషి ఎనిమిది ఎద్దులకు సమానం.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. ఆల్ఫ్రెడ్ ఆ పుస్తకంతో పాటు ఒక్కో బిషప్పుకు ఒక విలువైన వస్తువు కూడా పంపాడు. చదివేటప్పుడు వరస తప్పకుండా పెట్టుకునే పుల్ల అని పండితుల అంచనా. దాని విలువ 50 మాంకస్‌లని లేఖలోనే ఉంది. మాంకస్ అంటే 30 పెన్నీలు. మొత్తం 1500 పెన్నీలు. ఆరుగురు మనుషుల ఖరీదు. మాతృభాషలో చదువుకోమని పంపిన పుస్తకం మీద పెట్టే పుల్ల ఖరీదు ఆరుగురు బానిసలు.

ఇక చరిత్ర పుస్తకానికి వద్దాం. 410లో రోము నగరం దోపిడీకి గురైంది. పాత దేవుళ్ళను వదిలేసినందుకే ఈ గతి పట్టిందని అక్కడ కొందరన్నారు. దానికి జవాబుగా ఒరోసియస్ అనే క్రైస్తవ పండితుడు లాటిన్‌లో ఏడు భాగాల ప్రపంచ చరిత్ర రాశాడు. క్రైస్తవం రాకముందు కూడా లోకమంతా యుద్ధాలు, కరువులు, చావులేనని వాదించాడు. ఆల్ఫ్రెడ్ కాలంలోనో ఆ తర్వాత కొద్ది కాలానికో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అనువాదకుడు ఉన్నదున్నట్టు దించలేదు. చాలా కోసేశాడు, కొంత చేర్చాడు, ఏడు భాగాలను ఆరు చేశాడు. ఆయన పేరు మనకు తెలియదు. 12వ శతాబ్దంలో ఒక చరిత్రకారుడు ఆ పనిని కూడా ఆల్ఫ్రెడ్ ఖాతాలో వేశాడు. ఇప్పటి పండితులు దాన్ని ఒప్పుకోరు. కష్టం ఒకరిది, పేరు రాజుది. ఈ కథ మనకు కొత్తేం కాదు.

ఆ పుస్తకంలో అందరూ ఎక్కువగా చెప్పుకునేది అనువాదకుడు చేర్చిన భాగమే. ఓతెరె అనే నార్వే నావికుడు వచ్చి ఆల్ఫ్రెడ్‌కు తన దేశం గురించి చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. అతనికి ఆవులు 20, గొర్రెలు 20, పందులు 20. అయినా ధనవంతుడే. ఎలాగంటే ఉత్తరాన ఉండే సామీ జనం కట్టే కప్పం వల్ల. పుస్తకంలో వాళ్ళను ఫిన్నులు అన్నారు. వాళ్ళలో పెద్ద పుట్టుక ఉన్నవాడు మార్టెన్ అనే చిన్న జంతువు తోళ్ళు 15, రెయిన్‌డీర్ తోళ్ళు 5, ఎలుగుబంటి తోలు ఒకటి, పది కొలతల ఈకలు, తోలు కోటు ఒకటి, ఓడ తాళ్ళు రెండు ఇవ్వాలి. ఆ తాళ్ళు కూడా తిమింగలం తోలుతోనో సీల్ తోలుతోనో చేసినవే.

సామీలు ఏమనుకున్నారో పుస్తకంలో లేదు. వాళ్ళ పాట లేదు, మాట లేదు. వాళ్ళు ఇచ్చిన తోళ్ళ లెక్క మాత్రం వెయ్యేళ్ళు భద్రంగా ఉంది. మన పల్లెల గురించి జమీందారీ లెక్కల్లో దొరికేది కూడా ఇంతే కదా?

ఇంకో నావికుడు బాల్టిక్ తీరంలోని ఎస్ట్ అనే జనం గురించి చెప్పాడు. అక్కడ రాజు, గొప్పవాళ్ళు గుర్రప్పాలు తాగుతారట. పేదవాళ్ళు, బానిసలు తేనెతో చేసిన కల్లు తాగుతారట. ఎవరు ఏం తాగాలో అక్కడా పుట్టుకే చెప్పింది. ఈ పుస్తకానికి ఉన్న పాత ప్రతిలో సరిగ్గా ఆ చోట కొన్ని ఆకులు పోయాయి. పదకొండో శతాబ్దపు మరో ప్రతి బతికి ఉండబట్టే మనకీ ముక్క తెలుస్తోంది. పేదవాడి గురించిన ఒక్క వాక్యం బతకడానికి కూడా అదృష్టం కావాలి.

చట్టాలూ ఆ రాతప్రతుల్లోనే ఉన్నాయి. ఆల్ఫ్రెడ్ చట్టం స్వతంత్రులకు పండగ సెలవులిచ్చింది. క్రిస్మస్‌కు 12 రోజులు, ఈస్టర్‌కు ముందు ఏడు, తర్వాత ఏడు, ఇంకా కొన్ని. బానిసలకు ఇవి వర్తించవని అదే చట్టం స్పష్టంగా చెప్పింది. వాళ్ళకు ఏడాదికి నాలుగు బుధవారాలు. ఆ నాలుగు రోజుల్లో దానంగా వచ్చిందో, ఖాళీ వేళల్లో సంపాదించిందో అమ్ముకోవచ్చు. ఆల్ఫ్రెడ్ చట్టానికి జతచేసిన పాత ఇనె రాజు చట్టం ఇంకొకటి చెప్పింది. యజమాని బలవంతం మీద బానిస ఆదివారం పని చేస్తే వాడికి విడుదల. ఇది మంచిమాటే. కానీ యజమానికి తెలియకుండా తనంతట తాను పని చేస్తే శిక్ష. ఏం శిక్ష? వాడు తన తోలు పోగొట్టుకోవాలి. కొరడా దెబ్బలని అర్థం. మన కామందులు "తోలు తీస్తా" అనేవాళ్ళే, అక్కడ ఆ మాట చట్టంలోనే రాసి ఉంది. స్వతంత్రుడు తప్పు చేస్తే డబ్బు కడతాడు. బానిస తోలు కడతాడు.

ఇప్పుడు ప్రసంగాల సంగతి. పదో శతాబ్దం చివర్లో డోర్సెట్‌లోని సెర్న్ మఠంలో ఎల్ఫ్రిక్ అనే సన్యాసి ఉన్నాడు. పండగలకు, ఆదివారాలకు చర్చిలో చదవడానికి ఇంగ్లీషులో రెండు సంపుటాలు రాశాడు, ఒక్కోదాంట్లో సుమారు నలభై ప్రసంగాలు. ఆయన చేత్తో దిద్దిన ఒక ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మంచి ఇంగ్లీషు, చక్కటి లయ. లాటిన్ రాని మామూలు జనానికి అర్థం కావాలనే ఆయన తపన నిజమైనది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆయనకు ఒక భయం కూడా ఉంది. ఆదికాండం అనువదించినప్పుడు ముందుమాటలో ఆ భయం రాశాడు. తెలివిలేనివాడు అది చదివి, పాత కాలపు పితరుల్లాగే తానూ బతకొచ్చని అనుకుంటాడేమోనని. ఇక నన్ను అనువాదాలు అడగొద్దని తన పోషకుణ్ణి వేడుకున్నాడు. చదువు ఇస్తూనే, చదివినవాడు సొంతంగా ఆలోచిస్తాడేమోనని భయపడటం ఇది.

ఎల్ఫ్రిక్ పిల్లలకు లాటిన్ నేర్పడానికి ఒక సంభాషణ రాశాడు. ఒక ప్రతిలో వరసల మధ్య ఇంగ్లీషు అర్థాలు కూడా ఉన్నాయి. అందులో గురువు ఒక్కో వృత్తివాణ్ణి నీ పనేంటని అడుగుతాడు. అరక దున్నేవాడు చెబుతాడు: తెల్లారకముందే ఎద్దుల్ని తోలుకెళ్ళాలి, ఎంత చలి ఉన్నా దొర భయంతో ఇంట్లో ఉండలేడు, రోజుకు ఎకరం దున్నాలి, ఎద్దుల్ని అదిలించే కుర్రాడికి చలికి, అరుపులకి గొంతు బొంగురుపోయింది. ఇంత కష్టమా అంటే, అవును, నేను స్వతంత్రుణ్ణి కాదు కదా అంటాడు. మా నాయనమ్మ తన అన్న పాలేరుతనం గురించి చెప్పిన మాటలకూ దీనికీ తేడా లేదు. చదివి కళ్ళు మూసుకున్నాను.

తోలు పనివాడు కూడా ఉన్నాడందులో. నేను తోళ్ళు కొని చెప్పులు, తిత్తులు, కళ్ళేలు, సంచులు చేస్తాను, నేను లేకపోతే మీకు చలికాలం గడవదు అని గర్వంగా చెబుతాడు. చూశారా, ఆ గర్వం? ఎవరూ అతన్ని దూరంగా నిలబెట్టలేదు. మన దేశపు పాత పుస్తకాల్లో ఇలా ఛాతీ విరుచుకుని మాట్లాడే తోలు పనివాణ్ణి వెతుక్కోవాలి.

అయితే సంభాషణ చివర ఒక పెద్దమనిషి తీర్పు చెబుతాడు. దైవసేవ అన్నిటికంటే గొప్పది, లౌకిక పనుల్లో వ్యవసాయం గొప్పది, అందరూ గొడవపడకుండా ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేయండి, ఎవరు ఏదో అదిగానే ఉండండి అని. దున్నేవాడు చెప్పిన అసలు మాట, తనకు స్వాతంత్ర్యం లేదన్న మాట, అక్కడితో గాల్లో కలిసిపోయింది. వాడి పనికి గౌరవం దొరికింది, వాడికి విడుదల దొరకలేదు. మిత్రులారా, ఈ పెద్దమనిషి మనకు బాగా తెలిసినవాడే. పాకీ పని పవిత్రమని, కులవృత్తికి సాటి లేదని మనకు చెప్పినవాళ్ళంతా వీడి బంధువులే.

యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టన్ 1014లో ఇంగ్లీషు జాతిని ఉద్దేశించి నిప్పులు చెరిగే ప్రసంగం రాశాడు. అమాయక పేదల్ని పరాయి దేశాలకు అమ్మేస్తున్నారని, బానిసలకున్న కొద్దిపాటి హక్కుల్ని కూడా కుదించేశారని కోపగించాడు. మంచిదే. అదే ప్రసంగంలో, పారిపోయి వైకింగుల్లో కలిసిన బానిస తిరిగొచ్చి తన పాత దొరనే కట్టేస్తున్నాడని కూడా ఏడ్చాడు. లోకం తలకిందులైపోవడానికి ఆయన చూపిన గుర్తుల్లో అదొకటి. బానిసను అమ్మితే పాపం, బానిస తిరగబడితే ప్రళయం. దయగల పెద్దలందరి గీత ఇక్కడే ఉంటుంది.

మరి ఆ తోలు మీద బానిసల పేర్లే లేవా? ఉన్నాయి, పుస్తకం మధ్యలో కాదు, అంచుల్లో. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ చర్చి సువార్త పుస్తకంలో ఖాళీ జాగాల్లో, పదో పదకొండో శతాబ్దాల్లో విడుదలైన బానిసల పేర్లు వందకు పైగా రాసి ఉన్నాయి. ఎక్కువ పేర్లు స్థానిక కార్నిష్ జనానివి, విడిచిపెట్టిన దొరల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషువి. డరమ్‌కు చెందిన మరో పుస్తకంలో ఒక దొరసాని, చెడ్డ రోజుల్లో తిండి కోసం తమ తలలు తనకు అప్పగించుకున్న మనుషుల్ని విడిచిపెడుతున్నట్టు రాయించింది. నాకు అడిగితే ఆ రాతప్రతుల్లో అతి పవిత్రమైన అక్షరాలు అవే.

కానీ అంచుల్లో పేరు ఉండటం వేరు, సొంతంగా మాట్లాడటం వేరు. 1066 తర్వాత దొరల భాష ఫ్రెంచి అయింది, ఇంగ్లీషు ఇంకా కిందికి పోయింది. బానిస అనే పేరు క్రమంగా పోయినా, భూమికి కట్టేసిన వెట్టి రైతులు మిగిలారు. 1381లో వాళ్ళు తిరగబడ్డారు. జాన్ బాల్ అనే పేద పాదిరి లండన్ పక్కన బ్లాక్‌హీత్‌లో ప్రసంగించాడు. ఆదాము హవ్వల కథ నుంచే మొదలుపెట్టి, మొదట్లో అందరూ సమానంగానే పుట్టారని, వెట్టితనం దుర్మార్గులు తెచ్చిందని చెప్పాడు. అదే బైబిలు, అదే ఇంగ్లీషు. ప్రసంగించిన మనిషి మాత్రం వేరు. జులైలో సెయింట్ ఆల్బన్స్‌లో అతన్ని చంపేశారు. అతని మాటలు మనకు ఎలా అందాయంటే, అతన్ని అసహ్యించుకున్న వాల్సింగమ్ లాంటి సన్యాసులు తమ చరిత్రల్లో రాసుకోబట్టి. శత్రువు పుస్తకంలో బతికిన ప్రసంగం అది.

ఆ కాలంలోనే విక్లిఫ్ అనుచరులు మొత్తం బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెచ్చారు. 1409లో ఆర్చిబిషప్ అరండెల్, అనుమతి లేకుండా లేఖనాలను ఇంగ్లీషులోకి అనువదించడాన్ని నిషేధించాడు. అయినా సుమారు 250 రాతప్రతులు నేటికీ మిగిలాయి. గమనించండి: రాజు ఇస్తే అనువాదం పుణ్యం, జనం తీసుకుంటే అదే అనువాదం నేరం.

తమ్ముడూ, ఇదీ నాకు వీటితో ఉన్న పని. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మాట రాగానే, తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకున్నవాళ్ళను మనం చూశాం. వాళ్ళలో ఎంతమంది తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించారో మీ ఊళ్ళో మీరే లెక్కపెట్టుకోండి. అది ఆల్ఫ్రెడ్ లేఖలోని మెట్ల లెక్కే. తెలుగు మీద నాకు ద్వేషం లేదు. ఈ వ్యాసం రాస్తున్నది తెలుగులోనే, మా నాయనమ్మ భాషలోనే. కానీ ఎవరైనా వచ్చి నీకు నీ భాష చాలు అంటే రెండు ప్రశ్నలడుగు. నీ పిల్లలకు ఏ భాష దాచుకున్నావు? ఎవరైనా నీ శ్రమ గొప్పది అంటే ఇంకో ప్రశ్న అడుగు. అంత గొప్పదైతే నువ్వెందుకు చేయవు?

ఇంకొక మాట. ఇవాళ అధికారం చలాయిస్తున్న ఇంగ్లీషు కూడా ఒకప్పుడు లాటిన్ ముందు, ఫ్రెంచి ముందు చేతులు కట్టుకు నిలబడ్డ భాషే. ఏ భాషా పుట్టుకతో దొర కాదు. ఏ మనిషీ కాదు.

అక్కడి బానిసత్వాన్నీ ఇక్కడి కులాన్నీ ఒకటి చేయడం నా ఉద్దేశం కాదు. అక్కడ అంచుల్లోనైనా విడుదల పత్రం రాసే జాగా ఉంది. మనుస్మృతిలో మనకు అలాంటి అంచు లేదు. బానిసత్వం, అంటరానితనం రెండిటినీ పోల్చి అంటరానితనమే ఘోరమని బాబాసాహెబ్ అందుకే వాదించారు. అయినా పోల్చి చూస్తే మన గాయం ఆకారం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

మా తాతకు సంతకం రాదు. ఆయన గీకిన తోళ్ళ మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఆ రాతప్రతి ఫొటోలో వెంట్రుక కుదుళ్ళు చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది రాసినవాడు కాదు, ఆ తోలును గీకినవాడు. వాడి పేరు ఏ అంచులోనూ లేదు. మన వాళ్ళ పేర్లు రాయడానికి మనకు ఇప్పుడు తోలు అక్కర్లేదు, చేతిలో ఫోన్ ఉంది. మీ తాతల, నాయనమ్మల పేర్లు, వాళ్ళు చేసిన పనులు, వాళ్ళు తిన్న దెబ్బలు ఈ వారమే రాయడం మొదలుపెట్టండి. అంచుల్లో వద్దు, పేజీ మధ్యలో రాయండి.

జై భీమ్.